మూడో ప్లాటు కొంటే మనసు నిలుస్తుందా?

ప్రశ్న: అక్కా, నమస్తే. నల్గొండలో ఉంటాను, పేరు వేయొద్దు. 43 ఏళ్లు, సర్కారు బడిలో టీచర్‌ని. ఉద్యోగం రాకముందు కిరాయి గదిలో ఉండి ట్యూషన్లు చెప్పుకుంటూ బతికినవాణ్ని. ఇప్పుడు సొంతిల్లు ఉంది, రెండు ప్లాట్లున్నాయి, ఊళ్లో నాయిన పేరు మీద నాలుగెకరాల బతాయి తోట ఉంది. బిడ్డ తొమ్మిదో తరగతి, కొడుకు ఆరు. నీకేం తక్కువ అంటారు అందరూ. నాకు మాత్రం ఏదొచ్చినా పదిహేను రోజులే సంబరం. ఇల్లు కట్టినప్పుడు ఇంక ఏమీ వద్దనుకున్నా, ఏడాది తిరక్కముందే పైన ఇంకో అంతస్తు వేయాలనిపించింది. మా సడ్డకుడు (తోడల్లుడు) హైదరాబాద్‌లో విల్లా తీసుకున్నాడు, అప్పటినుంచి ఇది మరీ ఎక్కువైంది. ఇప్పుడు చౌటుప్పల్ దిక్కు రీజినల్ రింగ్ రోడ్డు వస్తుందని ఒక మిత్రుడు ప్లాటు చూపించాడు. 18 లక్షల లోన్ తీసుకోవాలి, వచ్చే శనివారం టోకెన్ ఇవ్వాలి. ఇంటి లోన్ ఇంకా తొమ్మిదేళ్లు ఉంది. మా ఆవిడ వద్దంటోంది. “నువ్వు ఇంట్లో ఉన్నా ప్లాటులోనే ఉంటావు” అంటోంది. మొన్న బిడ్డ ఏదో చెప్తుంటే ఊఁ కొట్టా, “డాడీ, నేను ఇప్పుడేం చెప్పిన?” అని అడిగితే నోరు పెగల్లేదు. తోటకు పోయినా ఫోన్‌లో రేట్లే చూస్తుంటా. ఉన్నదాంట్లో తృప్తి పడాలంటారు పెద్దలు, కానీ అట్ల తృప్తి పడి ఉంటే నేను ఆ కిరాయి గదిలోనే ఉండేవాణ్ని కదా? ఆశ తప్పా? ఇప్పుడున్న దాంట్లో, ఇప్పుడున్న చోట సంతోషంగా ఉండడం ఎట్ల? ఇంకోటి, పండగ తర్వాత సడ్డకుని గృహప్రవేశం ఉంది, పోవాలంటే మనసు ఒప్పుతలేదు. ఏం చేయాలె?

జవాబు: తమ్ముడూ, అక్కా అని పిలిచావు, నాకన్నా చిన్నవాడివి, అందుకని నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు.

శనివారం ఎంతో దూరం లేదు కాబట్టి ముందు దాని సంగతి. టోకెన్ ఇవ్వకు. ఆ ప్లాటు మంచిదే కావచ్చు, రేటు పెరిగినా పెరగొచ్చు. కానీ ఇంటి లోన్ తొమ్మిదేళ్లు మిగిలి ఉండగా, ఇంట్లో మనిషి వద్దంటుండగా, ఇది కొంటేనన్నా మనసు నిమ్మళమైతదేమో అన్న ఆశతో 18 లక్షల అప్పు నెత్తిన పెట్టుకోవద్దు. పైగా రింగ్ రోడ్డు పక్కన అంటున్నారంటే ఆ సర్వే నంబరు రోడ్డు పక్కన ఉందా, రోడ్డుకే పోయే భూమిలో ఉందా అన్నది కాగితాల మీద చూసుకోవాలి, లేఅవుట్‌కు పర్మిషన్ ఉందా చూసుకోవాలి, అవేవీ శనివారంలోపు తేలే పనులు కావు. నెల రోజులు ఆగుతా అని మీ మిత్రునికి ఫోన్ చేసి చెప్పు. ఈలోపు అది అమ్ముడుపోతే పోనీ. చౌటుప్పల్ నుంచి నార్కట్‌పల్లి దాకా హైవే పొడుగునా వెంచర్ల బోర్డులే, ప్లాట్లకేం కరువు రాలేదు.

ఇక నీ అసలు ప్రశ్న. తృప్తి పడి ఉంటే కిరాయి గదిలోనే ఉండేవాణ్ని కదా అన్నావు. నిజమే. ఆ మాట నువ్వు అడిగినందుకు నాకు సంతోషంగా కూడా ఉంది, ఎందుకంటే తృప్తి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఈ ముక్క దగ్గరికి రాగానే దాటేసి పోతారు. మాది పాలమూరు. బొంబాయి బస్సెక్కి పోయినవాళ్ల ఇళ్లకు వేలాడే తాళాలు, ముసలోళ్ల దగ్గర వదిలిపోయిన పిల్లలు చూస్తూ పెరిగినదాన్ని. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా పాలమూరు లేబర్ ఉండేవాళ్లు, మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని అది తీరేదాకా ఎండనక వాననక చేసేవాళ్లు. వాళ్లకు ఉన్నదాంట్లో సర్దుకోవాలని చెప్పినవాళ్లు ఎవరంటే వాళ్ల కష్టం మీద బతికినవాళ్లే. మీ దిక్కు మర్రిగూడ, మునుగోడు, చండూరు ఊళ్ల సంగతి నీకు నేను చెప్పాల్సిన పని లేదు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్, అంతకు ఎన్నో రెట్లు ఉన్న నీళ్లు తరాల తరబడి తాగారు, ఎముకలు వంకర్లు పోయాయి, నడుములు బిగుసుకుపోయాయి. కృష్ణా నీళ్లు కావాలని వాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడితే దాన్ని అత్యాశ అనగలమా? వాళ్లు తృప్తి పడకుండా ఉండబట్టే ఆ నీళ్లు వచ్చాయి. లేనివాడికి తృప్తి బోధించడం నా దృష్టిలో పాపం, ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

కాబట్టి ఆశ తప్పా అంటే కాదు. అయితే ఎక్కడ ఆగాలో తెలిసిన ఆశ ఒకటి ఉంటుంది, తెలియని ఆశ ఒకటి ఉంటుంది, నీకు రాత్రిళ్లు నిద్ర లేకుండా చేస్తున్నది ఆ రెండోది.

1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లికి వచ్చిన సంగతి నీకు తెలిసిందే, పిల్లలకు పాఠంగా చెప్పి కూడా ఉంటావు. అప్పుడది నల్గొండ జిల్లానే, ఇప్పుడు యాదాద్రి భువనగిరిలో ఉంది. భూమి లేని దళిత కుటుంబాలు ఆయన దగ్గరికి వచ్చి మాకు భూమి కావాలన్నాయి. ఎంత కావాలని అడిగాడు ఆయన. మా నలభై కుటుంబాలకు 80 ఎకరాలు కావాలి అన్నారు, సగం తరి, సగం ఖుష్కి. ఊళ్లోవాళ్లు ఎవరైనా ఇవ్వగలరా అని అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి లేచి నిలబడి వంద ఎకరాలు ఇస్తానన్నాడు, భూదానోద్యమం అక్కడ పుట్టింది. ఈ కథ చెప్పేటప్పుడు అందరూ ఇచ్చినాయన్ని, అడిగినాయన్ని తలుచుకుంటారు, తలుచుకోవాల్సిందే. నా మనసు మాత్రం ఆ 80 దగ్గర ఆగిపోతుంది. ఏమీ లేనివాళ్లు, పొద్దంతా ఒకరి పొలంలో చాకిరీ చేసినవాళ్లు, వాళ్లను ఎంత కావాలని అడిగిన మనిషే అంతకుముందు లేడు. అయినా అడగ్గానే కుటుంబానికి రెండెకరాల లెక్కన చెప్పారు, అందులో నీళ్ల భూమి ఎంత, మెట్ట ఎంత అన్నది కూడా చెప్పారు. నిన్ను ఇప్పుడు ఎవరన్నా అదే ప్రశ్న అడిగితే నీ దగ్గర అంకె ఉందా తమ్ముడూ?

ఇంకో మనిషి గురించి కూడా చెప్పాలి. ఆలేరు దగ్గర శారాజీపేటలో పుట్టిన చింతకింది మల్లేశం. మగ్గమెక్కే ముందు ఆసు పోయాలి, అంటే మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పుతూ పోవాలి, ఒక్క చీరకు దాదాపు తొమ్మిది వేలసార్లు చేయి అటూ ఇటూ ఆడాలి, ఆ పని ఇళ్లల్లో ఆడవాళ్లదే. వాళ్లమ్మ లక్ష్మి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక ఆయన 1992లో దానికి మిషన్ చేయాలని కూర్చున్నాడు, 1999లో గానీ పూర్తి కాలేదు. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ ఏడేళ్లూ ఆయన ఉన్నదాంతో సర్దుకున్న మనిషి కాదు, డబ్బు లేకపోయినా, పని మధ్యలో ఆగినా మళ్లీ మొదలుపెట్టాడు. కానీ ఆ పట్టుదల ఎవరికోసమో ఆయనకు తెలుసు. అమ్మ భుజం నొప్పి తగ్గితే అనుకున్నది జరిగినట్టే.

నువ్వు కిరాయి గదిలో ఉన్నప్పటి ఆశ కూడా అట్లాంటిదే. ఉద్యోగం కావాలనుకున్నావు, వచ్చింది. సొంతిల్లు కావాలనుకున్నావు, కట్టావు. మూడో ప్లాటు ఎందుకు కావాలో మాత్రం నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివినా నాకు కనిపించలేదు. బిడ్డ చదువుకని రాయలేదు, నాయిన వైద్యానికని రాయలేదు. రింగ్ రోడ్డు వస్తుందని రాశావు, సడ్డకుడు విల్లా తీసుకున్నాడని రాశావు.

ఏదొచ్చినా పదిహేను రోజులే సంబరం అన్నావు చూడు, అది నీ ఒక్కడిలో ఉన్న లోపం అనుకోకు. మనిషి మనసు దేనికైనా అలవాటు పడిపోతుంది, కష్టానికీ పడుతుంది, సుఖానికీ పడుతుంది. అమెరికాలో లాటరీలో పెద్ద మొత్తం గెలిచిన 22 మందితో, వాళ్ల చుట్టుపక్కల ఉండే మామూలు జనంతో కొందరు పరిశోధకులు మాట్లాడి 1978లో దాని గురించి రాశారు. లాటరీ వచ్చినవాళ్లు మిగతావాళ్లకన్నా చెప్పుకోదగ్గంత ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు. అంతకన్నా నన్ను ఆలోచనలో పడేసింది ఇంకోటి ఉంది అందులో. పొద్దున టిఫిన్ తినడం, స్నేహితునితో మాట్లాడడం, టీవీ చూడడం, ఒక జోక్ వినడం, ఇట్లాంటివి నీకెంత బాగుంటాయి అని అడిగితే లాటరీ వచ్చినవాళ్లు మిగతావాళ్లకన్నా తక్కువ చెప్పారు. చిన్న అధ్యయనమే, 22 మందిని చూసి లోకమంతా ఇంతే అనలేం. కానీ నీ ఇంట్లో జరుగుతున్నది కూడా ఇదే కదా. పెద్దదాని మీద కన్ను పడ్డాక బిడ్డ చెప్పే కబురు నీకు చిన్నదైపోయింది.

మెదడు పని తీరులో కూడా దీనికి కారణం ఉంది. ఒక వస్తువు కావాలి కావాలి అని లాగే పని మెదడులో ఒక ఏర్పాటుది, అది దొరికాక బాగుంది అని అనుభవించే పని ఇంకో ఏర్పాటుది. మిషిగన్ యూనివర్సిటీలో కెంట్ బెరిడ్జ్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద ప్రయోగాలతో దీన్ని చూపించాడు. ఆ లాగే పనికి కావలసిన డోపమైన్ అనే రసాయనం మెదడులో లేకుండా చేసిన ఎలుకలు ముందు తిండి పెట్టినా కదిలి తినవు, కానీ నోట్లో తియ్యటి నీళ్లు పోస్తే మామూలు ఎలుకల్లాగే ఇష్టంగా చప్పరిస్తాయి. అంటే లాగుడు పోయినా రుచి మిగిలే ఉంది. మనకు దీనికి ఎదురుగా జరుగుతుంది, లాగుడు పెరుగుతూ పోతుంది, రుచి మాత్రం అక్కడే ఉంటుంది. ఇంత గట్టిగా కావాలనిపిస్తోందంటే వచ్చాక ఎంత బాగుంటుందో అని మనం నమ్ముతాం, ఆ నమ్మకమే మనల్ని ముంచుతుంది.

బోరు వేయించిన రైతులను నువ్వు చూసే ఉంటావు, బహుశా మీ నాయిన కూడా వేయించి ఉంటాడు. మూడొందల అడుగులు పోయినా దుమ్మే లేస్తుంటుంది, బండివాడికి అడుగుకింత అని లెక్క, ఇంతదాకా వచ్చినం కదా ఇంకో యాభై అడుగులు చూద్దాం అంటాడు రైతు, ఆ యాభై అయ్యాక మళ్లీ అదే మాట. నీళ్ల కోసం మొదలైన పని ఎక్కడో ఒకచోట, ఇంత పెట్టినం కాబట్టి ఆగలేం అన్న పనిగా మారిపోతుంది. అట్ల అప్పుల్లో పడ్డ ఇళ్లు నల్గొండలో, పాలమూరులో ఎన్నో. ఆ రైతును నేను తప్పు పట్టను, ఆయనకు నీళ్లు లేకపోతే బతుకే లేదు. నీకు మాత్రం ఉన్న బోరు పోస్తూనే ఉంది, అయినా ఇంకోచోట బండి పెట్టించావు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. నువ్వు ఉత్తరంలో నిన్ను నువ్వు ఆశపోతునని తిట్టుకున్నట్టే రాశావు. నాకు అందులో ఆశకన్నా భయం ఎక్కువ కనపడింది. బోర్లు ఎండిపోతే ఏళ్ల తరబడి పెంచిన బతాయి చెట్లు కళ్లముందే ఎండిపోవడం మీ జిల్లాలో చాలామంది చూశారు. అట్లాంటి ఇంట్లో పెరిగి, కిరాయి గదిలో నెలాఖరుకు చిల్లర లెక్కపెట్టుకున్న మనిషికి, ఎంత ఉన్నా రేపు పోతుందేమో అన్న గుబులు లోపల ఉండిపోతుంది, జీతం పెరిగినంత మాత్రాన అది పోదు. ఆ గుబులుకు సిగ్గుపడాల్సిన పని లేదు, అదే నిన్ను ఇంతదాకా తెచ్చింది. కానీ దానికి మందు మూడో ప్లాటు కాదు. రేపు నాయినకు ఆపరేషన్ అంటే చౌటుప్పల్ ప్లాటు ఆ రాత్రికి అమ్ముడుపోతుందా? ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉంచు, ఇంటిల్లిపాదికీ హెల్త్ ఇన్సూరెన్స్ ఉందా, అందులో అమ్మానాయిన ఉన్నారా చూడు, నీ పేరు మీద టర్మ్ పాలసీ ఉందా చూడు. లేకపోతే ముందు అవి. భయానికి చేయగలిగిన పని చేసిపెడితే అది కొంచెం సద్దుమణుగుతుంది, నాకు తెలిసిన చాలా ఇళ్లల్లో అట్లనే జరిగింది.

డబ్బుతో సంతోషం పెరగదని మాత్రం నేను చెప్పను, అది అబద్ధం. పెరుగుతుంది. అయితే పది వేలు వచ్చే ఇంట్లో ఇంకో పది వేలు కలిస్తే కలిగే తేడా, లక్ష వచ్చే ఇంట్లో కనిపించాలంటే ఇంకో లక్ష కలవాలి. నువ్వు ఇప్పుడు ఆ రెండో ఇంటికి దగ్గరగా ఉన్నావు, కష్టం అంతే పడుతున్నావు, ఫలితం మాత్రం మునుపటంత కనిపించదు.

ఇప్పుడున్న చోట ఉండడం ఎట్ల అని అడిగావు. హార్వర్డ్ యూనివర్సిటీలో కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే ఇద్దరు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. 2,250 మందికి రోజులో ఎప్పుడుపడితే అప్పుడు ఫోన్‌లో ప్రశ్నలు పంపేవాళ్లు, ఇప్పుడు ఏం పని చేస్తున్నారు, మనసు ఆ పని మీదే ఉందా, ఎట్లా అనిపిస్తోంది అని. దాదాపు 47 శాతం సార్లు మనసు చేసే పని మీద లేదు. లేనప్పుడు సంతోషం తక్కువగా ఉంది. నీకు పనికొచ్చే ముక్క దీని తర్వాత వస్తుంది: మంచి విషయాలే తలుచుకుంటున్నా సరే, చేతిలో పని మీద మనసు పెట్టినవాళ్లకన్నా వాళ్లు ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు. రాత్రి పళ్లెం ముందు కూర్చుని చౌటుప్పల్ ప్లాటు గురించి తీయగా ఊహించుకుంటున్నా, నీకు ఆ అన్నమూ దక్కలేదు, ఆ ప్లాటూ దక్కలేదు.

ధ్యానం శిబిరాలకు పొమ్మని నేను చెప్పను, పోతే మంచిదే, కానీ నీకు అంతదూరం అక్కర్లేదు, ఎందుకంటే చేస్తున్న పనిలో ఉండిపోవడం నీకు ముందే వచ్చు. బడిలో పాఠం చెప్పేటప్పుడు, వెనక బెంచీ పిల్లవాడికి భిన్నాలు అర్థం కాక తెల్లమొహం వేస్తే, వాడికి ఇంకోరకంగా ఎట్లా చెప్పాలా అని ఆలోచిస్తున్నప్పుడు ప్లాటు గుర్తొస్తుందా? మంచి టీచరుకు రాదు. ఆ పీరియడ్‌లో నువ్వు మొత్తంగా అక్కడే ఉంటావు, బెల్లు కొట్టేదాకా టైమే తెలియదు. అక్కడ ఏం జరుగుతోందో గమనించు. ఎదుటివాడికి నువ్వు కావాలి, వాడి మొహం చూస్తున్నావు, వాడి తరువాతి మాట ఏమొస్తుందో నీకు తెలియదు కాబట్టి చెవులు పెట్టుకుని ఉన్నావు. ఆ ఒక్క పనిని ఇంట్లో చేయి. బిడ్డ మాట్లాడేటప్పుడు, అది నీ క్లాసులో పిల్ల అయితే ఎట్ల వింటావో అట్ల విను. ఈ రోజే దాని దగ్గర కూర్చుని, మొన్న నువ్వు చెప్పింది నేను వినలే బిడ్డా, మళ్లీ చెప్పు అని అడుగు. తొమ్మిదో తరగతి పిల్ల, ఇంకో రెండు మూడేళ్లలో ఇంటర్ అనో హాస్టల్ అనో వెళ్లిపోతుంది, అప్పుడు నువ్వు వింటానన్నా చెప్పడానికి ఇంట్లో ఉండదు. నాకు నీ ఉత్తరంలో అన్నిటికన్నా బాధ కలిగించింది ఈ ముక్కే, ప్లాటు సంగతి నెలాఖరుకు చూసుకోవచ్చు, ఇది మాత్రం ఈ రోజు.

ఆదివారం తోటకు పో, ఫోన్ బండి డిక్కీలో పెట్టి తాళం వేయి. నాయినతో చెట్ల మధ్య తిరుగు. పూత రావడానికి కొన్నాళ్లు నీళ్లు ఆపుతారు కదా, ఎన్నాళ్లు ఆపాలో ఆయనకు ఎట్లా తెలుస్తుంది, ఆకు చూస్తాడా, మన్ను పట్టి చూస్తాడా, అడుగు. రేపు ఆ తోట నీ చేతికి వస్తుంది, ఇప్పుడు అడక్కపోతే ఎవరు చెప్తారు? అక్కడ ఉన్నంతసేపూ మనసు పదిసార్లు రేట్ల మీదికి పోతుంది, పోనీ, దాన్ని తిట్టకు, మళ్లీ చెట్టు మీదికి తెచ్చుకో. మళ్లీ పోతుంది. ఇట్ల తెచ్చుకోవడమే సాధన, వేరే ఏమీ లేదు. ఇంకో సాయంత్రం నలుగురూ కలిసి పానగల్లు పోండి. ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దంతా కదలకుండా ఉండే ఆ నీడను చూడడానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తుంటే, పక్క వీధుల్లో ఉండే మనం ఏళ్ల తరబడి పోము. ఉదయసముద్రం కట్ట కూడా పక్కనే, పల్లీలు కొనుక్కుని కాసేపు కూర్చుని రండి.

ఇంకో చిన్న పని ఉంది, వినడానికి వింతగా ఉంటుంది కానీ పనిచేస్తుంది. ఉన్నవాటిని లెక్కపెట్టుకో అని అందరూ చెప్తారు, దానితో నీకు పెద్దగా ఏమీ అనిపించదు, ఎందుకంటే వాటికి అలవాటు పడిపోయావు. దానికి బదులు, అవి రాకుండా పోయే అవకాశం ఎంత ఉండేదో ఆలోచించు. 2008లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఇట్లాంటిదే చేసి చూశారు, భార్యాభర్తలం ఎట్ల కలిశామో రాసినవాళ్లకన్నా, ఎట్ల కలవకుండా పోయేవాళ్లమో రాసినవాళ్లకు తమ జోడీ మీద ఎక్కువ తృప్తి కలిగిందట. ఆ డీఎస్సీలో నీకు ఒక్క మార్కు తక్కువ వచ్చి ఉంటే? ఆ సంబంధం తెచ్చిన మనిషి ఆ రోజు మీ ఇంటికి రాకుండా ఇంకో ఇంటికి పోయి ఉంటే? ఒక పావుగంట కూర్చుని రాసి చూడు, రాసింది ఎవరికీ చూపించక్కర్లేదు.

ఇక మా మరదలితో కూర్చుని చేయాల్సిన పని. ఒక నోట్‌బుక్ తీసుకుని ఇద్దరూ కలిసి రాయండి: పిల్లల చదువులకు ఏ సంవత్సరం ఎంత కావాలి, పెళ్లిళ్లకు ఎంత పెట్టాలనుకుంటున్నారు, రిటైరయ్యాక నెలకు ఎంతైతే గడుస్తుంది, అమ్మానాయినకు ఎంత. పక్కన ఉన్న రెండు ప్లాట్లు, జీతం, తోట రాయండి. పోచంపల్లిలో ఆ నలభై కుటుంబాలు చెప్పినట్టు మీ ఇంటికి ఒక అంకె తేలాలి. ఉన్నవి దానికి సరిపోతే మూడో ప్లాటు మాట వదిలెయ్, సరిపోకపోతే ఎంత తక్కువ పడుతోందో తెలుస్తుంది, దానికి ప్లాటే దారా, ఇంటి లోన్ ముందు తీర్చడమా, ఇంకోటా అన్నది ఇద్దరూ తేల్చుకోండి. ఆమె వద్దంటే ఎందుకు వద్దంటోందో అడ్డు రాకుండా విను, ఆమె దగ్గర నీకు తెలియని లెక్క ఉండి ఉంటుంది. ఇంట్లో పైసా పైసా చూసేది సాధారణంగా వాళ్లే. అంకె తేలాక ఫోన్‌లో ఆ ప్లాట్ల వాట్సాప్ గ్రూపుల నుంచి బయటికి రా. అవి ఉన్నవే నీకు ఇంకా కావాలనిపించడానికి, పొద్దున లేవగానే అవి చూస్తూ తృప్తిగా ఉండాలంటే ఎవరివల్లా కాదు.

ఒకటి మాత్రం గమనించుకో. కొత్త వస్తువుల మీదే కాకుండా, తిండి మీద, పని మీద, మనుషుల మీద, దేని మీదా ఇష్టం లేకుండా రెండు వారాలకు మించి సాగుతోందంటే, నిద్ర పట్టక, ఆకలి లేక, ఎందుకీ బతుకు అనిపిస్తోందంటే అది వేరే విషయం, దానికి నా జవాబు చాలదు. డాక్టర్‌కు చూపించుకో. 14416కు ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్యం కోసం సర్కారు పెట్టిన టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

సడ్డకుని గృహప్రవేశానికి పో. తప్పకుండా పో, పిల్లలను తీసుకుని పో. నువ్వు పోకపోతే మీ ఆవిడ వాళ్ల అక్కాచెల్లెళ్ల మధ్య మాట పడుతుంది, నీ టెన్షన్‌కు ఆమె ఎందుకు బాధపడాలి? బట్టలు పెట్టండి, కడుపునిండా తినండి. ఇల్లంతా తిరిగి చూపిస్తాడు, చూడు, బాగున్నది బాగుందని చెప్పు, చెప్పేటప్పుడు ధర మాత్రం అడగకు. ఆయన కాసేపు ఒంటరిగా దొరికితే ఎట్లున్నవ్ అని అడుగు. ఈఎంఐ గురించో, ట్రాఫిక్ గురించో, పిల్లల గురించో ఏదో చెప్తాడు. విను. ప్లాటు సంగతి నోట్‌బుక్‌లో ఏం తేలిందో నెల తర్వాత నాకు రాయి, అవసరమైతే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.